శాక్స్ తర్వాత ఫ్లూట్ ఎందుకు పలకట్లేదు: ఒక స్టూడెంట్ కేస్ స్టడీ

చెన్నైలో నేను ఫ్లూట్ నేర్పిస్తాను. వెదురుది కాదు, కీస్ ఉండే వెస్ట్రన్ ఫ్లూట్. నా దగ్గరికి వచ్చేవాళ్లలో స్కూల్ పిల్లలే ఎక్కువ, కానీ కొన్నేళ్లుగా శాక్స్, క్లారినెట్ వాయించే ప్రొఫెషనల్స్ కూడా వస్తున్నారు, స్టేజ్ షో అయినా రికార్డింగ్ అయినా రెండు మూడు వాద్యాలు చేతిలో ఉన్న మనిషికే ముందు ఫోన్ వెళ్తుంది కాబట్టి. ఇలా ఒకే మనిషి రెండో వాద్యం కూడా వాయించడాన్ని మా ఫీల్డ్‌లో డబ్లింగ్ అంటారు.

ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే, శాక్స్ నుంచి ఫ్లూట్‌కి వచ్చేవాళ్లకి అందరూ చెప్పేది వేళ్ల గురించే. "ఫింగరింగ్ దాదాపు ఒకటేరా, నెలలో వచ్చేస్తుంది" అంటారు, ఆ మాట నమ్మి, నెల అయ్యాక నిరాశపడి ఫ్లూట్‌ని మళ్లీ పెట్టెలో పెట్టేసినవాళ్లని చాలామందినే చూశా. ఈ స్టూడెంట్ విషయంలో అసలు అడ్డంకి వేళ్లలో లేదు, ఆ మాటకొస్తే ఫ్లూట్‌లో కూడా సగమే ఉంది.

మనిషి, పరిస్థితి

ముప్ఫై ఐదు దాటిన మనిషి, పేరు రాయను. తాతలు నెల్లూరు వైపు నుంచి మద్రాసు వచ్చి స్థిరపడ్డారు, నాన్నగారు పెళ్లి బ్యాండ్‌లో క్లారినెట్ వాయించేవారు, ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఇతనిది ఆల్టో శాక్స్, అవసరమైతే టెనర్. చిన్నప్పుడు కద్రి గోపాల్‌నాథ్ గారి కచేరీలు విని పిచ్చెక్కి శాక్స్ మీద కర్ణాటక సంగీతం నేర్చుకున్నాడు, తర్వాత బతుకుతెరువుకి రిసెప్షన్లు, హోటల్ లాంజ్‌లు, అప్పుడప్పుడూ వడపళని, సాలిగ్రామం వైపు రికార్డింగులు. శ్రుతి గట్టిగా ఉన్న వాయిద్యగాడు, అందులో సందేహం లేదు.

నాలుగు నెలల్లో ఒక ఇంగ్లిష్ మ్యూజికల్ షో ఉంది, అందులో ఇతనికి ఇచ్చిన పార్ట్‌లో ఆల్టో శాక్స్, ఫ్లూట్ రెండూ ఉన్నాయి, రెండు పాటల్లోనైతే పాట మధ్యలోనే శాక్స్ దించి ఫ్లూట్ ఎత్తాలి. బ్రాడ్‌వే ఆర్కెస్ట్రాల్లో ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతే, ఒక్కో వాయిద్యగాడికి ఒక్కో రీడ్ బుక్ ఇస్తారు, అందులో ఫ్లూట్, క్లారినెట్, శాక్స్ ఏవి రాసుంటే అవన్నీ ఆ ఒక్క మనిషే చూసుకోవాలి. జాజ్‌లోనూ అంతే, 1953లో కౌంట్ బేసీ బ్యాండ్‌లో చేరిన ఫ్రాంక్ వెస్ టెనర్ శాక్స్‌తో పాటు ఫ్లూట్ సోలోలు కూడా వాయించేవాడు, ఎరిక్ డాల్ఫీ అయితే ఆల్టో శాక్స్, బాస్ క్లారినెట్, ఫ్లూట్ మూడింట్లోనూ మొనగాడే.

వెదురు ఫ్లూట్ ఎందుకు వాడకూడదు అని కొందరు అడిగారు. ఆ షో చార్ట్‌లో, అంటే స్వరాలు రాసిచ్చిన కాగితాల్లో, ప్రతి పాటకీ శ్రుతి మారుతుంది, పాట మధ్యలో కూడా మారుతుంది, వెదురుతో అయితే శ్రుతికొక వేణువు పక్కన పేర్చుకోవాలి, శాక్స్ దించి ఎత్తడానికి ఉన్న ఆ కాస్త టైంలో అది కుదరదు.

మొదటి క్లాసులో తను చెప్పింది నోట్స్‌లో రాసుకున్నాను: "మాస్టారూ, శాక్స్ మీద గంటలు గంటలు ఊదుతాను, ఏం కాదు. దీని మీద రెండు నిమిషాలకే కళ్లు తిరుగుతున్నాయి, ఊదిన గాలంతా ఎక్కడికి పోతోందో అర్థం కావట్లేదు. కింది స్వరాలు అసలు పలకవు. పొద్దున్న కాస్త బాగుంటుంది, సాయంత్రం ప్రోగ్రామ్ నుంచి వచ్చి తీస్తే చచ్చిపోయినట్టుంటుంది."

ఆ ఆఖరి వాక్యంలోనే మొత్తం కేసు ఉంది, కానీ దాని దగ్గరికి చేరేలోపు తేల్చాల్సినవి వేరే ఉన్నాయి.

ముందు వాద్యం సంగతి

డబ్లర్ ఎవరు వచ్చినా నేను ముందు మనిషిని కాదు, ఫ్లూట్‌ని చూస్తాను. మెయిన్ వాద్యానికి లక్షలు పెట్టినవాళ్లు కూడా డబ్లింగ్‌కి ఏదో ఒకటిలే అని చవకలో కొంటారు. ఇతను ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్‌ది తీసుకున్నాడు, ప్యాడ్లు, అంటే కీల కింద రంధ్రాలు మూసే మెత్తలు, కొత్తవి అని చెప్పి అమ్మారట. నేను వాయించి చూస్తే నాకే ఎఫ్ దాటి కిందికి దిగట్లేదు. ఇలాంటప్పుడు చేసే పరీక్ష చిన్నదే, సిగరెట్ పేపర్ ముక్క ప్యాడ్ కింద పెట్టి కీ మెల్లగా మూసి పేపర్ లాగితే పట్టుకోవాలి, చుట్టూ నాలుగు వైపులా చూడాలి. రెండు చోట్ల పేపర్ సాఫీగా జారిపోయింది, అంటే గాలి లీక్ అవుతోంది.

హెడ్‌జాయింట్‌లో, అంటే ఊదే రంధ్రం ఉండే ముక్కలో, చివర మూతలా ఉండే కార్క్ కూడా పక్కకి జరిగి ఉంది. క్లీనింగ్ రాడ్ చివర ఒక గీత ఉంటుంది చూడండి, రాడ్‌ని లోపలికి పెడితే ఆ గీత ఊదే రంధ్రం మధ్యలో కనపడాలి, అంటే కార్క్ అక్కణ్నుంచి సుమారు 17 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నట్టు. అది తప్పితే ఆక్టేవ్‌లు, అంటే స్థాయిలు, ఒకదానికొకటి శ్రుతి కలవవు. శ్రుతి తెలిసిన మనిషి కదా, పాపం అది తన పెదవుల తప్పేమో అనుకుని ఎంత సరిచేసుకోవాలని చూశాడో. రిపేర్‌కి ఇచ్చి, అది వచ్చేవరకు నా దగ్గరున్న స్టూడెంట్ ఫ్లూట్ ఒకటి ఇచ్చాను. కింది స్వరాల సమస్యలో మూడోవంతు అక్కడే తీరింది.

గాలి

శాక్స్‌లో మౌత్‌పీస్‌కీ, దానికి బిగించే రీడ్ అనే పల్చటి బద్దకీ మధ్య సన్నటి సందులోంచి గాలి వెళ్లాలి, కాబట్టి వాద్యమే గాలిని ఎదిరిస్తుంది, ఊదేవాడు ఆ ఎదురు మీద ఆనుకుని ఊదుతాడు. ఫ్లూట్‌లో ఆ ఎదురు లేదు. గాలి రంధ్రం మీదుగా వెళ్లి అవతలి అంచుకి తగిలి చీలుతుంది, సగం బయటికే పోతుంది. మూసిన తలుపుని తోయడం అలవాటైనవాడు తెరిచి ఉన్న తలుపుని అదే బలంతో తోస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. గాలి ఒక్కసారిగా ఖాళీ, వెంటనే ఇంకో పెద్ద శ్వాస, మళ్లీ ఖాళీ, ఇలా అవసరానికి మించి ఊపిరి వదులుతూ పీలుస్తూ ఉంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి కళ్లు తిరుగుతాయి. కొత్తవాళ్లలో ఇది మామూలే, కూర్చుని కాసేపు ఊరికే ఉంటే పోతుంది, కానీ అలా తిరుగుతున్నప్పుడు ఇంకా ఊదమని ఎవరూ అనకూడదు.

ఫ్లూట్‌లో ఆ ఎదురుని పెదవులే తయారుచేయాలి. రెండు పెదవుల మధ్య సందు ఎంత చిన్నదైతే గాలి అంత నిలుస్తుంది. అందుకని మొదటి వారాలు ఫ్లూట్ బాడీ ముట్టనివ్వలేదు, హెడ్‌జాయింట్ ఒక్కటే. చివర తెరిచి ఊదితే పై ఎ దగ్గర పలుకుతుంది, అరచేత్తో మూసి ఊదితే ఒక ఆక్టేవ్ కిందికి దిగుతుంది, అలా మూసే ఉంచి గాలి స్పీడ్ పెంచితే ఆక్టేవ్ కాదు, పన్నెండో స్వరానికి, అంటే పైనున్న ఇ కి ఎగురుతుంది. ఇది వినగానే తను ఆగిపోయి "ఇది నాన్న క్లారినెట్ లాగా ఉందేంటి మాస్టారూ" అన్నాడు. కరెక్టే, ఒక చివర మూసిన గొట్టం అలాగే ప్రవర్తిస్తుంది, క్లారినెట్ రిజిస్టర్ కీ నొక్కితే పన్నెండో స్వరం వచ్చేది అందుకే, రెండు చివరలా తెరిచిన ఫ్లూట్ ఆక్టేవ్‌కి వెళ్లేదీ అందుకే. చిన్నప్పటి నుంచి చెవిలో ఉన్నదానికి కారణం తెలిసేసరికి మనిషికి ఉత్సాహం వచ్చింది, ఆ తర్వాత హెడ్‌జాయింట్ బోర్ అని ఒక్కసారి కూడా అనలేదు.

తర్వాత హార్మోనిక్స్. కింది సి ఫింగరింగ్ పట్టుకుని వేళ్లు కదపకుండా గాలితోనే పై సి, దాని మీద జి, ఆ పైన సి, ఇ. శాక్స్‌లో ఎడమ బొటనవేలు ఆక్టేవ్ కీ నొక్కితే పని అయిపోతుంది, ఫ్లూట్‌లో ఆ కీ లేదు, ఆ పని పెదవులదీ గాలిదీ. డబ్లర్లకి నేను ఇచ్చే ఎక్సర్‌సైజుల్లో ఒక్కటే ఉంచుకో అంటే ఇదే ఉంచుకోమంటాను.

వేళ్లు: ఒకటే అనుకోవడంలోనే ఇబ్బంది

శాక్స్‌కి అడాల్ఫ్ సాక్స్ పేటెంట్ 1846లో, ఇవాళ మనం వాడే స్తూపాకారపు ఫ్లూట్‌ని థియోబాల్డ్ బోమ్ తీసుకొచ్చింది 1847లో, వేళ్ల ఏర్పాటు నిజంగానే చాలా దగ్గరగా ఉంటుంది. జి, ఎ, ఎఫ్, ఇ, కింది డి, ఇవన్నీ ఒకేలా వేళ్లు మూయడమే. అందుకే తేడా ఉన్న చోట్ల చెయ్యి మోసపోతుంది, పూర్తిగా కొత్త వాద్యం అయితే మెదడు జాగ్రత్తగా ఉంటుంది కదా, ఇక్కడ ఉండదు.

ఇతని చేతిలో కనిపించినవి చెప్తా. ఎఫ్-షార్ప్‌కి శాక్స్‌లో కుడి మధ్యవేలు, ఫ్లూట్‌లో కుడి ఉంగరపువేలు. ఫ్లూట్ మీద మధ్యవేలుతో కూడా ఏదో ఎఫ్-షార్ప్ లాంటిది వస్తుంది, అదే ప్రమాదం, మూగగా, కొంచెం దిగిన శ్రుతిలో వస్తుంది, స్పీడ్‌లో తప్పు తెలియదు. మధ్య స్థాయి డి, ఇ-ఫ్లాట్‌లకి ఫ్లూట్‌లో ఎడమ చూపుడువేలు ఎత్తాలి, శాక్స్‌లో మూసే ఉంచుతారు, ఇతను ఎత్తడు, దాంతో ఆ రెండు స్వరాలే గొంతు పట్టేసినట్టు ఉండేవి. ఇక కుడి చిటికెనవేలు ఉంది, ఫ్లూట్‌లో అది డి లాంటి కొన్ని స్వరాలకి తప్ప దాదాపు ఎప్పుడూ ఇ-ఫ్లాట్ కీ మీద నొక్కే ఉండాలి, స్వరానికీ అవసరం, వాద్యం చేతిలో నిలవడానికీ అవసరం. శాక్స్‌లో ఆ వేలు పిలిచినప్పుడే వస్తుంది. బి నుంచి సి కి వెళ్లేటప్పుడు ఫ్లూట్‌లో ఎడమ బొటనవేలు లేవాలి, శాక్స్‌వాళ్ల బొటనవేలికి ఆక్టేవ్ కీ తప్ప వేరే ధ్యాస ఉండదు.

వీటికి మందు ఒకటే, మెల్లగా వాయించడం, చార్ట్‌లో ఆయా చోట్ల ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోవడం. మూడో స్థాయి ఫింగరింగులు ఎలాగూ పూర్తిగా వేరే, అవి కొత్తగా నేర్చుకోవాల్సిందే కాబట్టి అక్కడ తప్పులు తక్కువ.

శ్రుతి మార్పు మాత్రం ఇతన్ని ఎక్కువ తిప్పలు పెట్టింది. ఆల్టో శాక్స్ ఇ-ఫ్లాట్ వాద్యం, జి ఫింగరింగ్ పట్టుకుంటే వినపడేది బి-ఫ్లాట్. ఫ్లూట్‌లో జి పడితే జి నే. పాట డి శ్రుతిలో ఉంటే ఆల్టో మీద బి మేజర్‌లో ఐదు షార్ప్‌లతో వాయించాలి, అదే పాట ఫ్లూట్ మీద రెండే షార్ప్‌లు. చార్ట్ చూసి వాయించేవాడికి ఇది పెద్ద లెక్క కాదు, చెవితో వాయించేవాడికి వేలు, చెవి కలిసి పెరిగి ఉంటాయి, ఈ వేలికి షడ్జమం ఇది అని. అందుకని ప్రతి పాటకీ ముందు ఫోన్‌లో తంబురా పెట్టి, ఆ శ్రుతిలో ఫ్లూట్ మీద సరిగమ ఒక్కసారి ఎక్కి దిగి, అప్పుడు పాట మొదలుపెట్టమన్నాను. కర్ణాటక చదువు ఉన్నవాడు కాబట్టి ఇది త్వరగా పట్టుకుంది.

ఆవిరి చెప్పిన నిజం

రెండో నెల గడిచేసరికి క్లాసులో ఫ్లూట్ చక్కగా పలుకుతోంది. కింది డి కూడా నిండుగా వస్తోంది, కళ్లు తిరగడం పోయింది. షో రిహార్సల్‌కి వెళ్లి వచ్చి మాత్రం మొహం వేలాడేసుకుని కూర్చుంటాడు. "ఇక్కడ వచ్చింది అక్కడ రావట్లేదు మాస్టారూ, టెన్షన్ అనుకుంటా." టెన్షన్ అంటే నాకు నమ్మకం కుదరలేదు. వేలమంది పెళ్లివాళ్ల ముందు వాయించిన మనిషికి పదిమంది ఉన్న రిహార్సల్ రూమ్‌లో టెన్షన్ ఏంటి?

అయితే శాక్స్ తీసుకుని రా, క్లాసులో ముందు అదే వాయించు అన్నాను. ఏసీ వేసిన గది. మొదట ఫ్లూట్ మీద ఒక లాంగ్ నోట్ ఊదించి, పెదవి ఆనే ప్లేట్ చూశా. ఫ్లూట్ టీచర్లకి ఇది పాత అలవాటు, ఊదిన గాలిలోని తేమ ప్లేట్ అవతలి వైపు చల్లటి మెటల్ మీద ఆవిరిగా పడుతుంది, అది సన్నటి త్రికోణంలా ఉంటే గాలి ఒక్క చోటికి సూటిగా వెళ్తున్నట్టు. ఇతనిది చక్కటి త్రికోణమే. తర్వాత శాక్స్ మీద షోలో ఉన్న పాట, ఫుల్ వాల్యూమ్‌లో, వెంటనే ఫ్లూట్, అదే స్వరం. స్వరం బదులు గాలి శబ్దం. ప్లేట్ మీద ఆవిరి త్రికోణం లేదు, ఈ చివర నుంచి ఆ చివర దాకా విసనకర్రలా పరుచుకుని ఉంది. ఫోన్‌లో ఫోటో తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. తను చాలాసేపు చూసి ఏం మాట్లాడలేదు.

కింది పెదవి లోపలివైపు చూపించమన్నా. పళ్ల అచ్చు లోతుగా, వరుసగా కనిపిస్తోంది. శాక్స్ పట్టులో కింది పెదవి కింది పళ్ల మీదికి మడత పడుతుంది, దాని మీద రీడ్ ఆనుతుంది, అక్కడిదాకా అందరికీ అంతే. కానీ దవడ పైకి నొక్కి రీడ్‌ని కొరుకుతుంటే పెదవి పళ్లకీ రీడ్‌కీ మధ్య నలిగి తిమ్మిరెక్కుతుంది. అలా తిమ్మిరెక్కిన పెదవితో సన్నటి సందు చేయాలంటే ఎలా కుదురుతుంది? పొద్దున్న బాగుండి సాయంత్రం చచ్చిపోవడానికి కారణం అది.

ఆ వారంలోనే వాళ్ల నాన్నగారు కొడుకుని దింపడానికి వచ్చి లోపల కూర్చున్నారు. ఫోటోలు చూపించి విషయం చెప్తే పెద్దాయన తల ఊపి, "రీడ్ కొరకొద్దురా అని వీడికి పదేళ్లప్పుడు చెప్పానండీ, రీడ్ గట్టిదైతే గొప్ప అనుకుంటారు వీళ్లు" అన్నారు. విచారిస్తే మూడున్నర నంబర్ రీడ్ వాడుతున్నాడు, ఓపెనింగ్ పెద్దగా ఉన్న మౌత్‌పీస్ మీద. పాటల్లో జారు, గమకం కూడా ఎక్కువ భాగం దవడతోనే చేస్తాడు, కొరికి పైకి, వదిలి కిందికి.

అక్కణ్నుంచి సుమారు నెలరోజులు ఫ్లూట్ టీచర్ని అయిన నేను ఇతని శాక్స్ మీదే పని చేయించాను. రీడ్ రెండున్నరకి దించాం. మొదట గోల పెట్టాడు, సౌండ్ పల్చగా అయిపోయిందని. మౌత్‌పీస్ ఒక్కటే పట్టుకుని ఊదుతూ స్వరాన్ని దవడ కదపకుండా గొంతు, నాలుక పొజిషన్‌తో కిందికి దించడం, తిరిగి తేవడం, ఇది రోజూ. పెదవుల మూలలు లోపలికి బిగించి, దవడ వదిలేయడం. గమకాలు వీలైన చోట వేళ్లతో, మిగతావి గొంతుతో. మూడు వారాలకి రిసెప్షన్ బ్యాండ్‌లో తోటివాళ్లే సౌండ్ పెద్దదైంది ఏం మార్చావ్ అని అడిగారట. నలగని పెదవి ఎలాగూ ఫ్లూట్‌కి కావాలి, దాంతో శాక్స్ కూడా బాగుపడింది.

దీనితో పాటు మెడ సంగతి ఒకటి. శాక్స్ స్ట్రాప్ మెడని ముందుకి లాగుతుంది, ఫ్లూట్ ఎత్తినప్పుడు కూడా తల అలాగే ముందుకి వంగి ఉంటోంది, దాంతో ఫ్లూట్ లోపలికి దొర్లి రంధ్రం ఎక్కువ మూసుకుపోయి స్వరం దిగిపోతోంది. మూతి కాదు తిప్పాల్సింది, తల వెనక్కి తేవాలి. శాక్స్ మెడలో వేలాడుతుండగా ఫ్లూట్ వాయించొద్దు, హుక్ తీసి స్టాండ్‌లో పెట్టు అని గట్టిగా చెప్పాను.

శ్రుతి ఎటు పోతుంది

ఇది డబ్లర్లలో చెవి బాగా ఉన్నవాళ్లని కూడా బోల్తా కొట్టించే విషయం. రీడ్ వాద్యాల్లో గట్టిగా ఊదితే శ్రుతి దిగడం, మెల్లగా ఊదితే ఎక్కడం సహజం, క్లారినెట్‌లో ఇది బాగా తెలుస్తుంది, శాక్స్‌దీ అదే ధోరణి. ఫ్లూట్‌లో తిరగబడుతుంది, గట్టిగా ఊదితే ఎక్కుతుంది, మెల్లగా వదిలితే దిగిపోతుంది. అంటే పాట చివర్లో మెల్లగా సన్నబడే స్వరం దగ్గర శాక్స్‌వాడి ఒళ్లు తెలియకుండానే శ్రుతి ఎక్కకుండా కొంచెం వదులు చేస్తుంది, ఫ్లూట్ మీద అదే చేస్తే అసలే దిగుతున్నది ఇంకా దిగుతుంది. ట్యూనర్ పెట్టి చూస్తే ఇతని ఆఖరి స్వరం ముప్ఫై సెంట్లు (వంద సెంట్లయితే ఒక అరస్వరం) పడిపోయేది.

సరిచేసిన పద్ధతి: తంబురా డ్రోన్, అంటే ఆగకుండా మోగే శ్రుతి, మీద ఒకే స్వరం, గట్టిగా మొదలుపెట్టి సన్నబరుస్తూ, గాలి తగ్గుతున్న కొద్దీ కింది పెదవి కొంచెం ముందుకి తెచ్చి గాలిని పైకి మళ్లించాలి, సందు ఇంకా చిన్నది చేయాలి. ట్యూనర్ చూస్తూ వద్దు, డ్రోన్ వింటూనే. చెవి ఉన్నవాడికి డ్రోన్ చాలు. వైబ్రేటో, అంటే స్వరాన్ని అలలా ఊపడం, కూడా ఇక్కడే తేలింది, శాక్స్‌లో దవడతో చేసే వైబ్రేటో ఫ్లూట్‌లో చేస్తే పెదవి పట్టే కదిలిపోతుంది, ఫ్లూట్‌లో అది గాలితో, ఊపిరి అలలతో చేయాలి. షోకి టైం లేదు కాబట్టి వైబ్రేటో లేకుండా తిన్నగానే వాయించమన్నా, తప్పుడు వైబ్రేటో కన్నా అది నయం.

టంగింగ్, అంటే నాలుకతో స్వరాన్ని మొదలుపెట్టడం, గురించి రెండు మాటలే. శాక్స్‌లో నాలుక రీడ్‌ని తాకుతుంది, ఫ్లూట్‌లో పళ్ల వెనక "త" అనాలి, "ట" కాదు, నాలుక మడతపడకూడదు. డబుల్ టంగింగ్ అంటే త-క త-క. తకధిమి చెప్పుకుని పెరిగినవాడికి దీన్ని నేర్పాల్సిన పని ఏముంది, కొనక్కోల్ (నోటితో జతులు పలకడం) చెప్పినట్టే ఊదు అన్నాను, ఆ రోజే వచ్చింది.

మార్పిడి ప్రాక్టీస్, షో

పెదవి కుదుటపడ్డాక అసలు పని మొదలైంది. శాక్స్ విడిగా, ఫ్లూట్ విడిగా ఎంత వాయించినా ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకడం రాదు, దానికి విడిగా ప్రాక్టీస్ కావాలి. ఇంట్లో రోజూ ముందు ఫ్లూట్, తర్వాత శాక్స్, ఆఖర్న మార్పిడి. మార్పిడి అంటే షో పాటే పెట్టుకుని, శాక్స్ భాగం పూర్తి వాల్యూమ్‌లో వాయించి, చార్ట్‌లో ఎన్ని బార్లు గ్యాప్ ఉందో అంతలోనే ఫ్లూట్ ఎత్తి మొదటి స్వరం పలికించాలి. ఆ గ్యాప్‌లో ఏం చేయాలో వరస కూడా ఖాయం చేశాం: హుక్ తీయడం, శాక్స్ స్టాండ్‌లోకి, పెదవులు రెండుసార్లు గుర్రంలా బుర్రుమనిపించడం, తల వెనక్కి, అప్పుడు ఫ్లూట్. మొదటి ఎంట్రీ మెల్లగా ఉండే చోట, అక్కడే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి, ఆ ఒక్క స్వరాన్నే కొన్ని వారాలు చేశాడు.

ఏసీ హాల్లో ఫ్లూట్ స్టాండ్ మీద కూర్చుంటే చల్లబడి శ్రుతి దిగుతుంది, గొట్టంలోని గాలి ఒక్క డిగ్రీ చల్లబడితే సుమారు మూడు సెంట్లు తేడా. అందుకని ఎంట్రీ ముందు రంధ్రాన్ని నోటితో పూర్తిగా మూసి, సౌండ్ రాకుండా లోపలికి వెచ్చటి గాలి ఊదమన్నాను. శాక్స్ వాయిస్తున్నప్పుడు ఫ్లూట్ ఏసీ గాలి తగిలే వైపు పెట్టకూడదు, ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ చాలామంది పట్టించుకోరు.

షో హారింగ్టన్ రోడ్‌లో ముత్తా వెంకటసుబ్బారావు హాల్లో జరిగింది, నేను వెనక వరసలో కూర్చున్నా. మొదటి మార్పిడిలో ఎంట్రీ శుభ్రంగా, సరైన శ్రుతిలో వచ్చింది, నాకు చాలా ఆనందం వేసింది. రెండో మార్పిడిలో శాక్స్ సోలో చాలా పెద్దది, దాని తర్వాత ఫ్లూట్‌లో మొదటి రెండు స్వరాల్లో గాలి వినపడింది, మూడో స్వరానికి సర్దుకున్నాడు. మూడో స్థాయిలో మెల్లగా వాయించాల్సిన ఒక లైన్ మాత్రం ముందే ఆర్కెస్ట్రా నడిపే కండక్టర్‌తో మాట్లాడి కీబోర్డ్‌కి ఇప్పించేశాం, నాలుగు నెలల్లో అది నమ్మకంగా వచ్చే పని కాదు, ఆ మాట ముందే చెప్పడం మంచిదని నా అభిప్రాయం. డబ్లర్ అన్నీ వాయించేస్తానని ఒప్పుకుని స్టేజ్ మీద గీరుకునే కన్నా ఇది గౌరవం.

ఇప్పుడు ఎలా ఉంది

షో అయ్యాక కూడా ఫ్లూట్ వదల్లేదు. పెళ్లిళ్ల సీజన్‌లో రెండు వారాలు ఫ్లూట్ తీయకపోతే త్రికోణం మళ్లీ వెడల్పవుతోంది, అది తనే ప్లేట్ చూసి కనిపెట్టుకుంటున్నాడు. ప్రోగ్రామ్ ఉన్న రోజున కూడా పొద్దున్న పది నిమిషాలు హెడ్‌జాయింట్, హార్మోనిక్స్ తప్పకుండా చేయమన్నాను, చేస్తున్నాడు. శాక్స్ రీడ్ రెండున్నర దగ్గరే ఉంది, వెనక్కి వెళ్లలేదు.

మిగిలినవి: మూడో స్థాయి ఇ ఇంకా చీలుతోంది, ముఖ్యంగా మెల్లగా వాయిస్తే. ఇందులో కొంత మనిషిది, కొంత వాద్యానిది. మామూలు ఫ్లూట్‌లో ఆ స్వరానికి ఒకటి తెరిస్తే చాలాల్సిన జి రంధ్రాలు రెండూ తెరుచుకుంటాయి, స్ప్లిట్-ఇ అనే ఏర్పాటు ఉన్న ఫ్లూట్‌లో రెండోది మూసే ఉంటుంది, స్వరం నిలబడుతుంది. ఇతని ఫ్లూట్‌లో అది లేదు. ఈసారి కొనేటప్పుడు అన్నా సాలైలో షాపుకి నేను కూడా వస్తానన్నాను, శాక్స్ కూడా పట్టుకుని వెళ్తాం, ముందు శాక్స్ వాయించి ఆ పెదవితోనే ఒక్కో ఫ్లూట్ ట్రై చేయాలి, ఇతను వాయించేది ఆ పెదవితోనే కదా.